బ్యాటరీ పద్దెనిమిది శాతం

నా పని బ్యాటరీలకు మేత పెట్టడం.
నాట్రాన్ సరస్సు ఒడ్డున, గుడారం నీడలో,
జనరేటర్ గురక వింటూ
ఎర్ర దీపం పచ్చబడేదాకా కాపలా.
నాన్న ఆవుల్ని లెక్కపెట్టినట్టే
పొద్దున పదకొండు, మాపున పదకొండు.
ఒకటి తగ్గితే నా జీతంలో కోత.

ఏటా ఆగస్టులో దిగుతారు వీళ్ళు.
ఆరు రోజుల పాఠం: నేలను పైనుంచి చూడటమెలా.
గురువు టోర్‌బెన్, డెన్మార్క్ మనిషి,
ముక్కు మీద తోలు ఊడుతున్నా టోపీ పెట్టడు.
"దిగంతం కనబడనివ్వకండి" అంటాడు.
"ఇది నీళ్ళో, చర్మమో, గాజో
చూసేవాడు తేల్చుకోలేకపోవాలి."
అందరూ రాసుకుంటారు.
నేను ఇట్టే తేల్చేస్తాను. అది సోడా.
మడమ పగుళ్ళలోకి దిగిందా, మూడు రాత్రులు నిద్ర ఉండదు.

నాలుగో రోజు, గోడెలీవ అనే పళ్ళ డాక్టరమ్మ
ఎక్కకముందే కక్కుకుంది.
సీటు ఖాళీ. డబ్బు కట్టిన సీటు.
పైలట్ కషైజా నావైపు గడ్డం ఎగరేశాడు:
"నలేపో, ఎక్కు."
తలుపులు ఊడదీసిన హెలికాప్టర్.
షూకా కొంగు బెల్టు కింద దోపి,
పూసల పోగులు తీసి గుప్పిట్లో బిగించాను.

దేవుడి కొండకు ఇన్నాళ్ళూ పాదాలే చూశాను.
ఇప్పుడు భుజం పక్కన భుజం.
నెత్తిన బూడిద, దువ్వుకోని ముసలాడిలా.
కింద సరస్సు
మానీ మానని పుండు,
అంచు ఎరుపు, నడుమ తెల్లటి పక్కు.
కెమెరాలు మిడతల్లా కొరుకుతున్నాయి.
నేను ఇల్లు వెతుక్కుంటున్నాను.
ముళ్ళకంచెల వలయాలు మూడు కనబడ్డాయి.
ఏది మాది?
పుట్టి ఇరవై రెండేళ్ళు, పోల్చుకోలేకపోయాను.
అంత ఎత్తులో, ఎవరూ చూడకపోయినా, సిగ్గేసింది.

అప్పుడు దొరికింది దారి.
ఊట నుంచి కంచె దాకా సన్నటి గీత,
ఒక్కచోట ఊరికే వంకర తిరిగి మళ్ళీ సూటిగా.
అక్కడొక తుమ్మచెట్టు ఉండేది.
కూలి పదేళ్ళు.
దారి ఇంకా దాన్ని తప్పుకునే పోతోంది.

"ఆ వంపు! ఆ వంపు పట్టుకోండి!"
చెవుల్లో టోర్‌బెన్ గొంతు.
"ఆగండి, చుక్క ఒకటి వస్తోంది,
వంపులోకి రానివ్వండి."
ఆ చుక్క మా అమ్మ.
చెప్పలేదు. ఊరికే ఎక్కిన సీటు కదా.
చుక్క ఆగింది.
తలెత్తి చూసిందేమో,
పైనుంచి అది తెలియదు.

రాత్రి గుడారంలో తెల్లగుడ్డ మీద
మా నీళ్ళదారి, నిలువెత్తున.
చుక్క ఉంచాలా, చెరపాలా అని వాదన.
"ఉంటేనే కొలత తెలుస్తుంది" అన్నాడొకడు.
అంతలో కొలత గుడారం గుమ్మంలోకొచ్చి నిలబడింది,
కాళ్ళ నిండా తెల్లటి పొడి.
"మీ రెక్కల బండి మోతకి గాడిద బెదిరింది.
రెండు క్యాన్లతో పోయింది."

నేనెవర్నీ అడగలేదు.
డ్రోన్ తీశాను. ఉన్న బ్యాటరీల్లో
కాస్తో కూస్తో నిండింది ఒక్కటే, పద్దెనిమిది శాతం.
వెన్నెల ఉంది, ఏదో కొంత.
కొంగల రేవు వైపు పోనివ్వలేదు, వాటి నిద్ర వాటిది.
పదిహేను. పన్నెండు.
అరచేయంత తెర మీద బూడిద, బూడిద మీద బూడిద.
తొమ్మిదికొచ్చేసరికి అమ్మ వేలు పెట్టింది:
"అదే. మనదే. ఎడమ చెవి చూడు."
చెవి ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.
నాకు కనబడింది నువ్వుగింజంత నలుపు.

వేడి ఊట దగ్గర నిలబడి ఉంది గాడిద.
ఒక క్యాను ఉంది. ఇంకోటి లేదు.
గోడెలీవ టార్చి పట్టుకుని మాతో నడిచింది,
వంపు దగ్గర మేం పక్కకి తిరిగితే
ఎందుకని అడక్కుండా తనూ తిరిగింది.

తిరిగొచ్చి లెక్కపెట్టాను. పదకొండు.
నాలుగు శాతం దాన్ని ముందు గుచ్చాను.
ఎర్ర దీపం.